వినపడితే పోయే పింఛను

సమాధానానికి చెవులు ఒక్కరోజులో పోలేదు. సముద్రం ఒడ్డున ఐసు ఫ్యాక్టరీలో యంత్రం పక్కన పదహారేళ్ళు నిలబడ్డాడాయన. చేపల పడవలకి ఐసు అందించే ఫ్యాక్టరీ అది. యంత్రం రొద పని దిగినా ఆయన్ని వదిలేది కాదు. అన్నం తింటున్నా, చాప మీద వాలినా తలలో గిర్రున తిరుగుతూనే ఉండేది. ముందు పిచ్చుకల అరుపు పోయింది. తర్వాత సైకిలు గంట పోయింది. ఆ తర్వాత మనుషుల మాటలు, నీళ్ళలో మునిగి మాట్లాడుతున్నట్టు, గుబగుబలాడి ఆగిపోయేవి. సైగ చేస్తే తప్ప అర్థం కాని మనిషిని యంత్రం దగ్గర ఉంచుకోలేమని ఫ్యాక్టరీవాళ్ళు పంపించేశారు. అప్పటికి ఆయనకి నలభై దాటింది.

బోగోలు మండలంలో, రొయ్యల గుంటల నడుమ చిక్కుకున్న చిన్న పాలెం వాళ్ళది. ఊళ్ళో ఆయన పేరే ఒక వేళాకోళం. "పేరు సమాధానం. పిలిస్తే మాత్రం సమాధానం రాదు" అనేవాడు ఎదురింటి ముత్యాలయ్య. ఆ పెదవులు చూసి అర్థం చేసుకుని సమాధానం కూడా నవ్వేవాడు. మెత్తని మనిషి.

అయితే వినికిడి మొత్తం పోలేదు. ఎడమ చెవిలో కాస్త మిగిలింది. చర్చిలో డోలు, వానాకాలం పిడుగు, భార్య ఎస్తేరమ్మ కేక, ఈ మూడూ అందేవి. ఎస్తేరమ్మది సన్నటి, కోసినట్టుండే గొంతు. పెరట్లోంచి "ఏమయ్యోవ్" అని ఆమె కేకేస్తే వీధరుగు మీద కూర్చున్న ఆయన తల తిరిగేది. ఆ కాస్తా దేవుడు తనకి మిగిల్చి పెట్టాడని ఆయన నమ్మకం. ప్రతి ఆదివారం ప్రార్థనలో అందుకు కృతజ్ఞత చెప్పుకునేవాడు.

ఫ్యాక్టరీ పోయాక విజయభాస్కర్ అనే ఆసామి తన రొయ్యల గుంటల మీద కాపలా పెట్టుకున్నాడు. నీళ్ళని చిలికే చక్రాలు ఆగిపోతే రొయ్యలకి ఊపిరాడదు, అరగంటలో తేలిపోతాయి. చెవిటివాడికి ఆ సంగతి ఎట్టా తెలుస్తుందని జనం అన్నారు. సమాధానం చెప్పులు విడిచి గట్టు మీద నిలబడేవాడు. చక్రాలు తిరిగినంతసేపూ గట్టు అదురుతుంది, ఆ అదురు అరికాళ్ళకి అందుతుంది. ఏడేళ్ళలో ఒక్క గుంట కూడా పోనివ్వలేదు. వికలాంగుల పింఛను కూడా వస్తుండేది. ఎస్తేరమ్మ షెడ్డులో రొయ్యలు వలిచేది. ముగ్గురి తిండికీ లోటు లేదు. మూడో మనిషి ఎస్తేరమ్మ తల్లి, మంచం మీద ఉండేది.

ఆ ఏడు ఆగస్టులో సముద్రానికి అవతల మన రొయ్యలు కొనే దేశం మన సరుకు మీద పన్ను పెంచేసింది. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే కౌంటు ధర పడిపోయింది. విజయభాస్కర్ బుల్లెట్టు బండిని గట్టు చివరే ఆపి, దగ్గరికి నడిచొచ్చి, పెదవులు కనపడేట్టు నిదానంగా చెప్పాడు.

"ఈ పంట వెయ్యడంలా సమాధానం. మేత ధరక్కూడా గిట్టేట్టు లేదు. మళ్ళా వేసినప్పుడు కబురు చేస్తాలే."

గుంటలు ఎండగట్టారు. షెడ్డుకి సరుకు రావడం తగ్గింది. ఎస్తేరమ్మకి వారంలో రెండు రోజులే పిలుపు. ఇక ఆ ఇంటికి కచ్చితంగా వచ్చేది ఒక్క పింఛనే.

సరిగ్గా అప్పుడే ఊరి సచివాలయంలో పనిచేసే భానుప్రియ నోటీసు తెచ్చి చేతిలో పెట్టింది. వికలాంగుల పింఛను తీసుకునేవాళ్ళందరికీ మళ్ళీ పరీక్ష. ఫలానా తేదీన నెల్లూరు ఆసుపత్రికి రావాలి. లోపం నలభై శాతం కంటే తగ్గితే పింఛను ఆగిపోతుంది.

"భయపడాల్సింది ఏమీ లేదు పెదనాన్నా, అందరికీ ఇచ్చాం" అని కాగితం వెనక రాసి చూపించింది ఆ పిల్ల.

భయం ఆ సాయంత్రం ముత్యాలయ్య నోటివెంట వచ్చింది. ఆయన అరుగెక్కి, సమాధానం ఎడమ చెవికి నోరానించి మరీ చెప్పాడు. "ఎనకమాలగా వచ్చి పేరు పెట్టి పిలుస్తారంట. తల తిప్పినావా, అయిపోయినట్టే. ఊళ్ళోకి గూడా మనుషుల్ని పంపించి సెల్లులో వీడియోలు తీపిస్తా ఉండారంట. దొంగ పింఛను అని తేలితే ఇన్నేళ్ళదీ వెనక్కి కట్టమంటారు. కేసు గూడా పెడతారంట."

ఇందులో ఏది నిజమో, ఏది గాలి కబురో ముత్యాలయ్యకే తెలీదు. కానీ సమాధానం మాత్రం ఎడమ చెవిని అరచేత్తో కప్పుకున్నాడు. ఎందుకంటే ముత్యాలయ్య చెప్పిన మాటల్లో సగానికి పైగా ఆయనకి వినపడ్డాయి.

ఆ రోజునుంచీ మిగిలిన ఆ కాస్త వినికిడీ ఆయనకి దొంగసొత్తయింది. ఎవరి చేతిలో సెల్లు కనపడినా తల దించుకునేవాడు. కొత్త మనిషి వీధిలోకొస్తే లోపలికి పోయి తలుపు వెనక నిలబడేవాడు. చర్చికి వెళ్తే డోలుకి తల ఊగుతుందేమోనని ఆదివారాలు మానేశాడు. పాస్టరుగారు ఇంటికొచ్చి పలకరిస్తే గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. తల తిప్పకుండా ఉండటం ఒక పని లాగా నేర్చుకున్నాడు. గోడమీద ఒక పగులు చూసుకుని, చూపు దానిమీదే నాటి, వెనక ఏం జరిగినా మెడ బిగబట్టుకునేవాడు. మెడ నరాలు నొప్పి పుట్టేవి. అన్నం సయించేది కాదు. తనకి నిజంగా ఎంత వినపడుతుందో, ఎంత వినపడదో ఆయనకే తెలియకుండా పోయింది. ఒక్కోసారి ఏ శబ్దమూ లేకపోయినా ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయి ఒళ్ళు జల్లుమనేది.

పరీక్షకి ఇంకా తొమ్మిది రోజులుందనగా ఒక మధ్యాహ్నం భానుప్రియ ఆ వీధిలోకి వచ్చింది. ఏదో ఇళ్ళ సర్వే. ఒక్కో గుమ్మం ముందూ నిలబడి ఫొటో తీసుకుంటోంది. సమాధానం అరుగుమీద ఉన్నాడు. లేచి లోపలికి పోదామనుకునేలోపే ఆ పిల్ల ఎదురుగా వచ్చి నిలబడింది. చేతిలో సెల్లు సూటిగా ఆయన వైపే ఉంది.

అప్పుడే పెరట్లోంచి కేక వినపడింది. "ఏమయ్యోవ్!"

స్పష్టంగా వినపడింది. ఆయన చూపు సెల్లు మీద నాటుకుపోయింది. మెడ బిగుసుకుంది.

"ఏమయ్యా! రాయ్యా! చచ్చిపోతా ఉండా!"

లేవాలని కాళ్ళు అంటున్నాయి. తిరగొద్దు, తిరిగితే పోయిందని తల అంటోంది. ఆయన చేతులు రెండూ అరుగు అంచుని పట్టుకున్నాయి. మూడో కేక ఏడుపులో కలిసిపోయింది. భానుప్రియ ఉలిక్కిపడి, సెల్లు చేతిసంచీలో పడేసి, ఆయన పక్కనుంచే లోపలికి పరుగెత్తింది. ఆ పిల్ల పరుగెత్తడం కళ్ళారా చూశాక, అప్పుడు లేచాడు సమాధానం. ఇక లేవచ్చు. చూసి లేచినట్టే ఉంటుంది.

గంజి వార్చబోతుంటే గుడ్డ జారి, మరుగుతున్న గంజి మొత్తం ఎస్తేరమ్మ కుడి పాదం మీద ఒలికింది. భానుప్రియ తొట్టిలో నీళ్ళు చెంబులతో ముంచి పోస్తోంది. చర్మం అప్పటికే తెల్లగా లేచిపోతోంది.

"పాపం, పెదనాన్నకి వినపడలేదు గదమ్మా. నేను లేకపోతే ఏమయ్యేదో" అంది భానుప్రియ.

ఎస్తేరమ్మ నొప్పికి పళ్ళు బిగించి, భర్త మొహంలోకి చూసింది. ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి. తన కేక ఆయనకి ఎంతదూరం అందుతుందో ఆమెకి అడుగులతో సహా తెలుసు. సమాధానం ఆ చూపు తట్టుకోలేక చెంబు తీసుకుని నీళ్ళు ముంచసాగాడు.

మర్నాడు పొద్దున ఎస్తేరమ్మ కట్టు కట్టిన కాలు పీట మీద పెట్టుకుని కూర్చుని, ఆయన్ని దగ్గరికి రమ్మని చేత్తో పిలిచింది. చెవి దగ్గర కాదు, ఎదురుగా, నిదానంగా అడిగింది.

"నా కేక నీకు ఇనపడింది. అవునా?"

ఆయన తల ఊపాడు.

"ఆ పిల్ల సెల్లు చూసి భయపడినావా?"

మళ్ళీ ఊపాడు. ఆమె కాలి పక్కన నేలమీద కూలబడ్డాడు. ఎస్తేరమ్మకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. లోపల మంచం మీద తల్లి దగ్గుతోంది. షెడ్డుకి వెళ్ళే ఆ రెండు రోజులు కూడా ఇప్పుడు పోయినట్టే. పింఛను కూడా పోతే ఈ ముగ్గురూ ఏం తినాలో ఆలోచించేసరికి ఆ కోపం ఎవరి మీద చూపాలో ఆమెకి పాలుపోలేదు.

"నేను చచ్చినా ఇట్టానే కూచుంటావేమో" అంది చివరికి.

నెల్లూరుకి ఆమె కూడా వచ్చింది. వద్దంటే వినలేదు. కుంటుకుంటూ బస్సెక్కింది. ఆసుపత్రి వరండాలో బెంచీల మీద వరసగా జనం. చంకకర్రల వాళ్ళు, నల్లకళ్ళద్దాల వాళ్ళు, ఒళ్ళో బిడ్డల్ని పెట్టుకున్న తల్లులు. అందరి మొహాల్లోనూ ఒకటే బెదురు. తన వెనక ఎవరు కూర్చున్నారో చూడాలని సమాధానానికి ప్రాణం కొట్టుకుపోతోంది. చూడలేదు. గోడ వైపే చూశాడు.

గంట తర్వాత వెనకాల ఒక నర్సు చేతిలోంచి స్టీలు ట్రే జారి బండలమీద పడింది. సమాధానం తల గిరుక్కున తిరిగింది.

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. నర్సు తననే చూస్తోంది. ఆ మూల నిలబడ్డ కుర్రాడి చేతిలో సెల్లుంది. అయిపోయింది అనుకున్నాడు. ఇక కేసు, జైలు, ఎస్తేరమ్మ వీధిలో నిలబడటం, అన్నీ ఒక్కసారే కళ్ళముందుకొచ్చాయి. లేచి బయటికి నడవబోతే ఎస్తేరమ్మ చొక్కా పట్టుకుని ఆపింది.

"యాడికి పోతావు? కూచో. దాచింది చాలు."

గదిలో డాక్టరమ్మ ఇంకా కుర్చీ చూపించకముందే ఆయన చేతులు జోడించేశాడు. తన గొంతు ఎంత గట్టిగా ఉందో తనకే తెలియని మనిషి, గది దద్దరిల్లేట్టు చెప్పాడు.

"అమ్మా, నాకు కొంచెం ఇనపడద్ది! ఎడమ చెవిలో! మా ఆడమనిషి కేక ఇనపడి గూడా లేవలేదమ్మా నేను! ఆమె కాలు కాలిపోయింది! కేసు పెట్టబాకండి!"

డాక్టరమ్మ గుమ్మం దగ్గర నిలబడ్డ ఎస్తేరమ్మ కాలికట్టు చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆయనకి పెదవులు కనపడేట్టు చెప్పింది.

"కొంచెం వినపడటం నేరం కాదు. ఎంత వినపడటం లేదో కొలవడమే నా పని. యంత్రం ముందు నటించలేరు, నటించాల్సిన పనీ లేదు. వినపడితే ఈ బొత్తాం నొక్కండి."

చెవులకి డిప్పలు తగిలించారు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు ఏమీ లేదు. ఎక్కడో అడుగున సన్నగా ఏదో కూసినట్టయింది. నొక్కాలా, వద్దా? నొక్కాడు. తర్వాత, బొత్తాంతో పని లేకుండా వినికిడిని కొలిచే పరీక్షకని తలకి తీగలు అంటించి పడుకోమన్నారు. అదంతా అయ్యాక, శాతం ఎంతో తాను చెప్పకూడదని, కాగితం సచివాలయానికే వస్తుందని డాక్టరమ్మ అంది.

ఆ కాగితం రావడానికి నలభై రోజులు పట్టింది. ఆ నలభై రోజులూ వీధిలో ఏ బండి ఆగినా ఇద్దరూ ఒకేసారి గుమ్మం వైపు చూసేవాళ్ళు. రెండో నెల ఒకటో తారీఖున భానుప్రియ పింఛనుతోపాటు కాగితం కూడా తెచ్చింది. యాభై రెండు శాతం. పింఛను ఆగదు.

ఎస్తేరమ్మ గోడకి చేరగిలబడి ప్రభువుని తలుచుకుంది. ఇన్నాళ్ళూ దాచుకున్నది, దాచాల్సిన అవసరమే లేనిది అని సమాధానానికి అప్పుడర్థమైంది. ఆ సంగతి మనసుకెక్కాక ఆయనకి సంతోషం కంటే సిగ్గే ఎక్కువైంది. కాగితం అడుగున ఇంకో ముక్క ఉంది. భానుప్రియ దాని కింద వేలు పెట్టి చూపించింది. తాత్కాలికం. రెండేళ్ళకి మళ్ళీ పరీక్ష.

"మళ్ళానా?" అన్నాడు సమాధానం. ఆయన చెయ్యి తనకి తెలియకుండానే అరుగు అంచుని పట్టుకుంది.

ఎస్తేరమ్మ పాదం మానింది గానీ వేళ్ళు రెండు అతుక్కుపోయాయి. షెడ్డులో నిలబడి వలిచే పని ఇక చెయ్యలేదు, కూర్చుని తూకం దగ్గర చేసే పని అడిగింది. ఇస్తారో లేదో ఇంకా చెప్పలేదు. ఆయన మళ్ళీ చర్చికి వెళ్తున్నాడు. కానీ ఆమె మాత్రం పెరట్లోంచి కేకెయ్యడం మానేసింది. ఏదన్నా కావాల్సి వస్తే కుంటుకుంటూ అరుగుదాకా వచ్చి భుజం తడుతుంది.

"పిలవచ్చు గదా మే, అంతదూరం నడవడమెందుకు?" అని ఒకరోజు అడిగాడాయన.

"అలవాటు తప్పింది" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.