సీసం చుట్టాల్సిన చోటు

ఫ్రెంచివాళ్ళ ఏలుబడి రోజుల్లో మా మరమ్మతు కొట్టులో ఆయన్ని అందరం మామ అనే పిలిచేవాళ్ళం. మోటారుసైకిలు చక్రం ఊడదీసి, ఇరుసు మీద నిలబెట్టి, వేలితో ఒక్కసారి తిప్పి, చేతులు వెనక్కి కట్టుకునేవాడు. "ఉండు, అదే చెప్తాది" అనేవాడు. చక్రం ఊగి ఊగి, బరువెక్కువున్న వైపు కిందికొచ్చి ఆగేది. అక్కడ సుద్దతో గీత గీసి, దానికి సరిగ్గా ఎదురుగా, పైనున్న చువ్వకు సీసం చుట్టేవాడు. వైతికుప్పం జాలర్ల వలల గుండ్లను సాగగొట్టిన సీసమది.

ఒకరోజు మామ గీత గీసి అన్నానికి పోయాడు. ఈలోగా ఆ బండి తాలూకు ఫ్రెంచి దొర వచ్చి తొందరపెట్టాడు. నేను ఆ గీత దగ్గరే సీసం చుట్టి పంపేశాను. బరువున్న చోటే ఇంకాస్త బరువు! చక్రం అదురుతుంటే సముద్రపు ఒడ్డు దాకా కూడా పోలేక, దొర కందిపోయిన ముఖంతో తిరిగొచ్చాడు. అప్పటికి మామ కూడా వచ్చాడు.

ఎవరి పని ఇది అన్నాడు దొర. కొట్టులో ఫ్రెంచి వచ్చింది నాకొక్కడికేనని నా ధీమా. "ఈ ముసలాయనదే. చూపు ఆనడం లేదు" అన్నాను. దొర మామను నోటికొచ్చినట్టు తిట్టాడు. మామ తలొంచుకుని విన్నాడు. తర్వాత గీతనూ సీసాన్నీ ఒకసారి చూసి, సీసం విప్పి పైకి మార్చాడు.

మరునాటి నుంచి ఆయన గీత కింద గీయడం మానేశాడు. సీసం చుట్టాల్సిన చోటే గీసేవాడు.

"ఏంది మామా, మార్చినావు?" అన్నాను.

"చూపు ఆనడంలే గదా, అల్లుడా" అన్నాడు, నా వైపు చూడకుండానే.

ఆ మాట నేను దొరతో అన్నది ఫ్రెంచిలో.