పున్నమి పున్నమికి పది రూపాయలు

ఏరువాక పున్నమి, జూన్ నాలుగు, ఆదివారం, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు. కొత్తపేటలో మా ఇంటి వీధి అరుగు మీద కూర్చుని నేనొక ఘనకార్యం మొదలుపెట్టాను. అది ముగిసేసరికి అరవై రెండు కుటుంబాలకు నా మీద కోపం వచ్చింది. ఒక పెద్దమనిషి కొబ్బరితోట కాగితాలు పట్టుకుని మా గుమ్మం ఎక్కారు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన నేను, చందమామ సాక్షిగా ఒక చిన్న లెక్క తప్పాను. ఇవన్నీ నవ్వుకోదగ్గవే, నవ్వండి. నవ్వలేనిది ఒకటుంది. దాన్ని చివరికి ఉంచాను.

అప్పుడు నా వయసు డెబ్బై ఒకటి. తెలిసీ తెలియని వయసు.

నా దగ్గర నల్ల అట్ట పుస్తకం ఒకటుంది. మా చుట్టుపక్కల పోయినవాళ్ళ తిథులు అందులో రాసి పెడతాను. అప్పటికి రెండు వందల పద్నాలుగు. ఎవరి తద్దినం వస్తున్నా మూడు రోజుల ముందు వాళ్ళ ఇంటికి వెళ్ళి చెప్పేదాన్ని. నేను వీధి మలుపులో కనిపిస్తే చాలు, కొన్ని ఇళ్ళవాళ్ళు నేను నోరు విప్పకముందే అరటికాయలు బేరమాడేవారు.

మోకాళ్ళు మొరాయించాక ఈ పని గ్రేస్ అందుకుంది. గ్రేస్ నా పాత శిష్యురాలు, అమలాపురంలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. నా పుస్తకంలోని తిథులన్నీ ఎక్కించి ఒక చిన్న వెబ్ యాప్ తయారుచేసింది. మూడు రోజుల ముందు ఎవరి ఫోనుకు వాళ్ళకు కబురు వెళుతుంది. "మాకైతే ఈ తంటా లేదండి, తారీఖు సమాధి మీదే రాసేస్తాం" అని నవ్వింది కూడా. ఉగాది నుంచి ఉచితంగా నడిపాం. ఆ ఆదివారం తెలిసింది, కబుర్లు పంపడానికయ్యే ఖర్చు ఆ పిల్ల తన జీతంలోంచి కడుతోందని. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటికప్పుడు చందా పెట్టమన్నాను. ఇంటికి పది రూపాయలు, వాళ్ళ ఖాతాలోంచి దానంతటదే రావాలి.

గ్రేస్ ఒప్పుకుంది. "ప్రతి నెలా ఒకటో తారీఖున పెట్టేస్తానండి" అంది.

అక్కడే ఆగిపోయి ఉంటే ఈ కథ లేదు. తిథులు గుర్తుచేసేవాళ్ళం తారీఖుల ప్రకారం వసూలు చేయడమేమిటి? కార్తీక సోమవారంనాడు రొయ్యల వేపుడు వడ్డించినట్టు ఉండదూ? చందా పున్నమికి పున్నమికి రావాలన్నాను. ఏడాది పున్నములన్నీ గీతల కాగితం మీద రాసి ఇచ్చాను.

గ్రేస్ కాగితం అటూ ఇటూ తిప్పింది. "బ్యాంకోళ్ళు నెలకి ఒక్కసారి తీసుకోడానికే ఒప్పుకుంటారండి. ఒకే నెల్లో రెండు పున్నాలు పడితేనండీ?"

"పున్నమికీ పున్నమికీ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులు. నెలకి ఒకటే. నీకు ఆరో తరగతిలో నేనే చెప్పాను."

"ఆయ్" అంది గ్రేస్. నా క్లాసులో కూర్చున్నవాళ్ళెవరూ నాతో రెండోసారి వాదించరు. నేను చేసిన పాపాల్లో అదొకటి.

ఇంకొక నియమం కూడా పెట్టించాను. చందా రాని ఇంటికి ఆ క్షణం నుంచే కబుర్లు ఆగిపోవాలి. ఒక్క రోజు కూడా గడువు లేదు.

అరవై మూడు ఇళ్ళవాళ్ళు చేరారు. అందరి ఫోన్లలోనూ దగ్గరుండి అనుమతి నొక్కించాను. ముక్తేశ్వరంలో ఉన్న మాణిక్యాంబ దగ్గరికి నేనే బస్సెక్కి వెళ్ళాను. మాణిక్యం నా ఈడుది. ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్నాం. వాళ్ళాయన పోయి పంతొమ్మిదేళ్ళు, శ్రావణ బహుళ పంచమి. మిగతా ఊరికి పుస్తకం చూసి చెప్పేదాన్ని గానీ, మాణిక్యానికి పుస్తకం అక్కర్లేదు. ఏటా విదియనాడు మా పెరటి కంద సంచిలో వేసుకుని వెళ్ళేదాన్ని. అది అల్లం దంచి టీ పెట్టేది. సాయంత్రం బస్సు దాకా మా హెడ్మాస్టరమ్మ నడకను అనుకరించి నవ్వించేది. పంచమినాడు ఆ కంద, బియ్యం, పప్పు కలిపి బ్రాహ్మడికి స్వయంపాకం ఇచ్చుకునేది.

ఫోను దాని చేతికిచ్చి, ఇకమీదట నేను రానక్కర్లేదనీ ఫోనే చెబుతుందనీ వివరించాను. నెలనెలా పది రూపాయలు పోతాయని కూడా చెప్పాను. "అలాగేలేవే" అని నొక్కమన్నచోట నొక్కింది. నా ముఖం వైపు ఒకసారి తేరిపార చూసింది. ఎందుకో అడగలేదు నేను.

జూన్ పున్నమి చందా ఎవరు చేరిన రోజున వాళ్ళ దగ్గర నుంచి వచ్చింది. జూలై మూడున వచ్చింది. ఆగస్టు ఒకటిన, అధిక శ్రావణ పున్నమికి, మూడోసారి వచ్చింది. నల్ల పుస్తకాన్ని బట్టలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టేశాను. దాంతోపాటు నా మతిని కూడా అందులోనే పెట్టి తాళం వేశానని అప్పుడు తెలియలేదు.

నిజ శ్రావణ పున్నమి ఏ రోజున వచ్చిందనుకున్నారు? ఆగస్టు ముప్పైన. ఒకటో తారీఖుకు ఇరవై తొమ్మిది కలిపితే ముప్పై. ముప్పై ఒక్క రోజుల నెలలో రెండు పున్నములు దర్జాగా పడతాయి. ఇది కూడా ఆరో తరగతి లెక్కే. నెలకు ఒకసారని చెప్పి రెండోసారి చెయ్యి చాస్తే బ్యాంకు ఊరుకుంటుందా? అరవై మూడు ఇళ్ళ చందానూ ఒకే పూటలో తిప్పికొట్టింది. మరుక్షణం, నేను స్వయంగా కూర్చిన వాక్యం అందరి ఫోన్లకూ వెళ్ళింది: "మీరు చందా చెల్లించనందున మీ పెద్దలను గుర్తుచేయుట నిలిపివేయబడినది."

మొదట వచ్చినవారు మా వీధి చివర ఉండే సుబ్బరాజుగారు, పది ఎకరాల కొబ్బరితోట ఆసామి. తోట కాగితాలు నా ముందు పెట్టారు.

"చూసుకోండి టీచరుగారు. పది రూపాయలకి గతిలేనోణ్ణి కాదండి నేను. మా నాన్నగారిని గుర్తుచేయడం ఆపేస్తారాండీ? నా కోడలు చదివి వినిపించిందండి, వీధిలో నలుగురూ ఉండగా."

కాగితాలు వద్దని మజ్జిగ ఇచ్చాను. మజ్జిగ తాగారు గానీ కోపం మింగలేదు. ఫోన్లో గ్రేస్‌ను అడిగితే, తప్పు మనదే కాబట్టి అందరికీ మళ్ళీ తెరిచేస్తానంది. నేను వద్దన్నాను. తప్పు మనదని ఒప్పుకుంటే ముప్పై నాలుగేళ్ళ పేరు ఏమవుతుంది? ఎవరికి వారు చేత్తో కట్టాకే తెరవమన్నాను. అడుసు తొక్కింది నేను, కాళ్ళు కడుక్కోమన్నది ఊరిని.

తిట్టుకుంటూనే కట్టారు. సెప్టెంబరు మూడో తారీఖు ఆదివారానికి అరవై రెండు ఇళ్ళు వచ్చాయి. ఒకటి తగ్గింది, మాణిక్యం. మిగతావాళ్ళను వదలకుండా స్నేహితురాలిని వదిలేస్తే న్యాయం ఎక్కడ నిలుస్తుందని, గ్రేస్‌ను తెరవనివ్వలేదు. ఫోను చేసి అడగడానికి కూడా మొహమాటపడ్డాను. చూడండి, ఆ నాలుగు రోజులూ మాణిక్యం పేరు తలుచుకుంటూనే ఉన్నాను. పది రూపాయల కోసం.

అయిదో తారీఖు మంగళవారం, తెల్లవారి ఆరు గంటలు. పోలాల అమావాస్య పూజకని పెరట్లో ఉంచిన కంద మొక్కకు నీళ్ళు పోస్తూ, అమావాస్యకు ఇంకా ఎన్ని రోజులని వేళ్ళు లెక్కపెట్టాను. ఆ రోజు షష్ఠి. వేలు అక్కడే ఆగిపోయింది.

మొదటి బస్సుకు ముక్తేశ్వరం వెళ్ళాను. చేతిలో సంచి లేదు. మాణిక్యం గుమ్మంలో కొబ్బరీనెలు చీలుస్తోంది. నన్ను చూసి ముఖం విప్పారింది.

"వచ్చేవా? ఈ ఏడు అధికం కదా, పంచమి బాగా వెనక్కి పోయిందనుకున్నాను. ఇంకా మూడు రోజులుందా?"

నిన్ననే అయిపోయిందని చెప్పాను. ఈనె చేతిలో అలాగే ఉండిపోయింది.

"నువ్వు రాలేదు కదే" అంది. "నువ్వు రాకుండా పంచమెలా వస్తుంది?"

దాని ఫోను తీసి చూశాను. జూన్ నుంచి వచ్చిన కబుర్లేవీ తెరవనే లేదు. చందా ఆగకపోయినా, కబురు వెళ్ళినా, మాణిక్యం చూసేదే కాదు. బ్యాంకు మీద, రెండో పున్నమి మీద నేను దారంతా మోపిన నేరం అక్కడితో వీగిపోయింది.

"చదవని కబుర్లకి పది రూపాయలెందుకు కట్టేవే?"

"నీకు అవసరమొచ్చిందేమో అనుకున్నాను. నోరు తెరిచి అడిగే మనిషివి కాదు కదా. ఫోను వంక పెట్టి అడుగుతున్నావనుకున్నాను."

తిథి తప్పితే అమావాస్యకు ఇచ్చుకోవచ్చని పురోహితులు చెప్పారు. పద్నాలుగో తారీఖున కంద నేనే మోసుకెళ్ళాను, స్వయంపాకం ఇచ్చింది. సాగనంపుతూ, "పావుగంట ఆలస్యమైతే కంచం ముందు నుంచి లేచిపోయే మనిషే ఆయన. పది రోజులు కూర్చుంటారంటావా?" అంది. నవ్వుతూనే అంది. ఆ తర్వాతి మాఘ మాసంలో బహుళ తదియనాడు మాణిక్యం పోయింది. మళ్ళీ శ్రావణం దానికి రాలేదు.

అందువల్ల సూర్యచంద్రుల సాక్షిగా, కొత్తపేట సుబ్బరాజుగారి కొబ్బరితోట సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నేను ఎవరి పెద్దలకూ చందా కట్టను, కట్టించను. ఆకాశంలో ఎన్ని పున్నములున్నాయో గ్రేస్‌కు చెప్పను. బస్సు ఎక్కగలిగినంతకాలం ఏ కబురూ ఫోనుకు అప్పజెప్పను.

లెక్క ఇది. వసూలైన చందా రెండు వేల అయిదు వందల పది రూపాయలు. తిరిగి ఇచ్చినది రెండు వేల నాలుగు వందల ఎనభై. మాణిక్యం ముప్పై రూపాయలు తీసుకోలేదు, ఉంచుకోమంది, నా దగ్గరే ఉన్నాయి. నల్ల పుస్తకంలో తిథులు రెండు వందల పదిహేను. పోయినవి: ఒక విదియనాటి బస్సు ప్రయాణం, రెండు గ్లాసుల అల్లం టీ, ఒక పంచమి.