ఎడమ చక్రం మీద నీటి చుక్క

నిన్న మధ్యాహ్నం ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వస్తూ లింగంపేట దాటాక, మా ఆయన నడుపుతున్న పాత పికప్ కిటికీలోంచి మాడిన రబ్బరులో కాలిన ఇనుము కలిసినట్టుండే ఘాటు వాసన వచ్చింది. ఒళ్లో ఉన్న చిన్నదాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఏదో ఒక చక్రానికి బ్రేకు పట్టేసి వదలడం లేదని నాకు అప్పుడే తెలిసింది. అయినా నోరు విప్పలేదు.

పక్కన పిల్లల టీచరు కూర్చుని ఉన్నారు. బస్సు దొరక్క మా బండెక్కిన ఆమె, మీ నాన్నగారు ఏం చేసేవారని అంతకుముందే అడిగితే, బిజినెస్ అన్నాను. మధ్యలో ఇరుక్కుని కూర్చున్న పెద్దవాడు అవునన్నట్టు తలూపాడు. వాడికీ నేను అదే చెప్పి పెంచాను. ఇప్పుడు బ్రేకు సంగతి ఎత్తితే నీకెలా తెలుసంటారు.

నాన్నను నేను బాపు అనేదాన్ని. ఆయన మెకానిక్. ఎల్లారెడ్డిలో రోడ్డు పక్కన ఆయన రేకుల షెడ్డు. ఎండాకాలం సెలవులన్నీ నాకు అక్కడే, కిరోసిన్, గ్రీజు, ఎండకు కాగిన టైర్ల వాసనల మధ్య, ఉప్పూ కారం అద్దిన మామిడికాయ ముక్కలు చప్పరిస్తూ గడిచేవి. బతుకమ్మకు ఆయన కోసుకొచ్చిన తంగేడు పూల మీద నల్లటి వేలిముద్రలుండేవి. వాటిని లోపలికి తిప్పి పేర్చేదాన్ని.

బ్రేకు పట్టేసిన బండి వస్తే, దాన్ని కొంతదూరం నడిపి తెచ్చి, నీళ్ల చెంబు నా చేతికిచ్చేవాడు. నాలుగు చక్రాల మీదా చుక్క చుక్క చిలకరించడం నా పని.

"మీ అవ్వ రొట్టె పెంక మీద సల్లుతది సూడు, గట్లనే. ఏది సుయ్యిమంటదో అదే దొంగ."

ఆ చక్రాన్ని జాకీతో లేపి చేత్తో తిప్పి చూసేవాడు. తిరగకపోతే బ్రేకు ఆయిల్ వదిలే చిన్న నట్టు సడలించేవాడు. అప్పుడు తిరిగితే లోపం పైపులో, అప్పటికీ తిరగకపోతే ప్యాడ్లను నొక్కే క్యాలిపర్‌లో అనేవాడు.

కామారెడ్డిలో డిగ్రీ చదివేటప్పుడు, దసరా వెళ్లాక ఒకరోజు, పండక్కి ఇంట్లో వండిన గరిజెల డబ్బాతో, నూనె మరకల చొక్కాతోనే హాస్టల్ గేటు దగ్గరికి వచ్చాడు. ఎవరని స్నేహితురాలు అడిగితే, మా డ్రైవర్ అన్నాను, ఆయనకు వినబడేంత దగ్గర నిలబడి. బాపు నన్ను ఒక్క క్షణం చూసి డబ్బా చాపాడు.

"మీ బాపు ఇచ్చి రమ్మన్నడమ్మా."

అంతవరకూ నన్ను బిడ్డా అని తప్ప పిలవని మనిషి. ఆ సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తకముందే, మూడేళ్ల కింద పోయాడు.

నిన్న కూడా అలాగే ఊరుకున్నాను. బండి ఎడమకు గుంజుతోందని మా ఆయన గొణిగాడు. అప్పుడైనా చెప్పలేదు. మలుపులో ట్రాక్టరు అడ్డం వస్తే బ్రేకు తొక్కాడు. బండి ఎడమవైపు దూసుకుపోయి కాలువ అంచున ఆగింది. చిన్నదాని నుదురు డ్యాష్‌బోర్డుకు తగిలి బొప్పి కట్టింది.

అప్పుడు దిగాను. సీసాలో నీళ్లు ఒక్కో చక్రం మీద చిలకరిస్తూ వెళితే ముందు ఎడమది సుయ్యిమంది. జాకీ పెట్టించి, పట్టుచీరతోనే మోకాళ్ల మీద కూర్చుని తిప్పాను. కదల్లేదు. నట్టు సడలించినా కదల్లేదు. క్యాలిపరే అని మా ఆయనకు చెప్పాను. నీకెట్ల తెలుసమ్మా అని టీచరు అడిగారు. ఎక్కడో చూసిన, అన్నాను.

ఆ షెడ్డున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. నిన్న దాని ముందునుంచే వచ్చాం. పిల్లలకు చూపించలేదు.

ఇవాళ పొద్దున జొన్నరొట్టెకు పెంక పెట్టి, ఇద్దర్నీ దగ్గరికి పిలిచి నీళ్లు చిలకరించాను. ఆ చప్పుడుకు చిన్నది బొప్పి తడుముకుంటూ నవ్వింది.

"మీ తాతది బిజినెస్ కాదు బిడ్డా. మెకానిక్. చక్రాల మీద నీళ్లు సల్లుడు నాకు నేర్పింది ఆయననే. నిన్న వాసన రాంగనే నాకు తెల్సింది, సిగ్గుకు చెప్పలే. నీకు దెబ్బ నా వల్లనే తాకింది. సాయంత్రం బడికొచ్చి మీ మేడంకు గూడ నేనే చెప్త."