పిల్లి పట్టని ఎలుక

వడ్ల గాదె వెనక దొర్లిన మావాడి బొంగరాన్ని చీపురుతో లాగాను. దానితోపాటు చచ్చిన ఎలుక బయటికొచ్చింది. పక్క ఊళ్ళో ఎలుకలు చచ్చి రాలుతున్నాయని, జనం ఇళ్ళు ఖాళీ చేస్తున్నారని అప్పటికే విన్నాం. ఎలుకల తర్వాత ప్లేగు మనుషుల మీదికి వస్తుంది. నా పిల్లలిద్దరూ పడుకునేది ఆ గాదె పక్కనే.

మా అత్త చూసి నవ్వింది. ఐరాల నుంచి ముందురోజే ఆమె ఒక పిల్లిని తెచ్చుకుంది.

"రాత్రి అది దుమికిన సప్పుడు ఇన్లా? వచ్చీ రాంగానే పట్టింది సూడు, నా బంగారు! దీనికి యాల బెదురు?"

పిల్లి చంపిందైతే భయం లేదు. ముక్కుకు కొంగు కట్టుకుని పొడుగాటి పుల్లతో ఎలుకను తిప్పాను. కింద పురుగులు లుకలుకలాడుతున్నాయి.

మద్రాసు కాలేజీలో సీసాలో మాంసం ముక్క పెట్టి ఈగలను పెంచేవాళ్ళం. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పురుగు తెల్లదారం తునకలా ఉంటుంది. ఇవి బియ్యపు గింజను మించి బలిశాయి.

"ఒక్క రాత్రికి ఇంతవి కావు, అత్తా. నీ పిల్లి వచ్చేలోపలే ఇది సచ్చింది."

"పురుగుల్ని అడిగి సెప్తాండావా? సదివించినందుకు మీ నాయనకు దండం పెట్టాల!"

"ప్లేగని నేను చెప్పలేను. పిల్లి చంపలేదని మాత్రం చెప్తాను."

చచ్చిన ఎలుక చల్లబడగానే దాని బొచ్చులో ప్లేగును మోసే గోమార్లు మరో ఒంటిని వెతుక్కుంటాయి. ఆ గదిలో నా పిల్లలు ఎన్ని రాత్రులు పడుకున్నారో! ఇది రాస్తూ కూడా లేచి వెళ్ళి వాళ్ళ నుదుళ్ళు తాకి వచ్చాను.

ఎలుకను పుల్లతోనే పెరట్లోకి నెట్టి, కిరసనాయిలు పోసి అంటించాను.

"కొలిచిచ్చే కంట్రోలు నూనె ఎలకకా! ఊరు నవ్వుతాది."

"నవ్వనీ."

చాపలు, దుప్పట్లు వదిలేసి, ఉతికిన బట్టలు మాత్రం మూటగట్టి, పిల్లలతో చేనిలో బెల్లం కాసే కొట్టానికి బయల్దేరాను. కాసేపటికి మా అత్త కూడా గొణుగుతూ వచ్చింది. పిల్లిని తీసుకురాలేదు.

తెల్లవారి పిల్లలు ఇంటికెప్పుడని అడిగారు.

"ఇప్పుడే పోం. ఎలక సచ్చి కనపడితే ముట్టుకోకుండా నన్ను పిలవండి. ఈపొద్దు చిత్తూరు పోయి ప్లేగు రాకుండా సూదేయించుకుంటాం. నొప్పుంటుంది. ముందు నాకేస్తారు, మీరు చూస్తా ఉండండి."