మేకకు పోసిన ఒడిబియ్యం

ఊరికి పోతూ ఏ ల్యాప్‌టాప్ పట్టుకెళ్లాలా అని ఇప్పుడెవరైనా తల పట్టుకుంటే నాకు లోపల్లోపల నవ్వొస్తుంది. ఆ రోజుల్లో, అంటే తొంభైలు ముగింపుకొస్తున్న కాలంలో, మా హుజూరాబాద్‌లో ల్యాప్‌టాప్ అన్న మాట విన్నవాళ్లే తక్కువ. ఎస్టీడీ బూత్ ముందు వరుసలో నిలబడి, దుబాయ్‌లో ఉన్న కొడుకుతో గొంతు చించుకుని మాట్లాడుకునే కాలం అది. అటువంటి కాలంలో నాకు ఒకటి కాదు, రెండు ల్యాప్‌టాప్‌లను ముందు పెట్టుకుని ఒకదాన్ని ఎంచుకునే యోగం పట్టింది. స్వయంవరాల్లో కూడా అంత రభస జరిగి ఉండదు. (అక్కడ ఎంచుకునేది ఒక్కరే. మా ఇంట్లో మొత్తం వాడకట్టు ఎంచుకుంది.)

నేనప్పుడు కరీంనగర్‌లో ఒక చిన్న ఆఫీసులో కొత్తగా చేరాను. పత్తి మిల్లులకూ రైస్ మిల్లులకూ లెక్కలు చూసే కంప్యూటర్ ప్రోగ్రాములు అమ్మడం మా పని. మా సార్ కృష్ణా జిల్లా మనిషి, మెత్తగా మాట్లాడుతూనే గొంతు మీద కాలేసేవాడు. ఒకరోజు నన్ను పిలిచి, "చూడు బాబూ, భైంసాలో ఒక పత్తి మిల్లు సేఠ్ ఉన్నాడు. ఎవరు వెళ్లినా చాయ్ తాగించి పంపేస్తున్నాడు. నువ్వెళ్లి ఒప్పించావా, ఉద్యోగం ఖాయం. లేకపోతే మీ నాన్నగారి దుకాణంలో మనిషి కావాలన్నావుగా, హాయిగా అక్కడే కూర్చో" అన్నాడు. మా బాపుది ఎరువులు, పురుగుమందుల దుకాణం. అందులో హాయి అన్నది ఏ మూలనా ఉండేది కాదు. సెలవుల్లో అక్కడ కూర్చుని ఇంటికొస్తే అన్నం ముద్దలో కూడా పురుగుమందు వాసనే. డిగ్రీ చదివింది ఆ వాసన నుంచి పారిపోవడానికే. బాపు మాత్రం నా కోసం గల్లాపెట్టె పక్కన కొత్త కుర్చీ కూడా కొని పెట్టాడు. ఆ కుర్చీ కలలోకి వచ్చి కూర్చోమనేది.

ఆఫీసులో ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లకు మేమే పేర్లు పెట్టుకున్నాం. ఒకటి బర్రె. నల్లగా, లావుగా, బరువుగా ఉండేది. తెర మీద రంగుల్లేవు కానీ కరెంటు లేకున్నా ఓపిగ్గా పనిచేసేది. రెండోది మేక. సన్నగా, తేలిగ్గా, రంగుల తెరతో ముద్దుగా ఉండేది. కాకపోతే కరెంటు తాడు పీకగానే కాసేపు మినుకుమినుకుమని కళ్లు మూసేది. "రెండూ ఇంటికి తీసుకుపో, చెయ్యి అలవాటు చేసుకో, నచ్చినదాన్ని భైంసా పట్టుకెళ్లు" అన్నాడు సార్. రెండు భుజాలకూ రెండు సంచులు తగిలించుకుని నేను హుజూరాబాద్ బస్‌స్టాండులో దిగితే, రిక్షా అతను నన్ను కుట్టుమిషన్లు బాగుచేసేవాడనుకున్నాడు.

ఇంట్లో రెండింటినీ మంచం మీద పక్కపక్కన పెట్టాను. అసలు పరేషానీ అక్కడ మొదలైంది. బాపు దుకాణం నుంచి కాంటా తెచ్చి రెండింటినీ తూచాడు. తూచి, ఏదో దొంగతనం బయటపడ్డట్టు మొహం పెట్టాడు. "ఓరి, గీ సన్నదానికేమో ధర ఎక్కువ, గీ లావుదానికేమో తక్కువనా? ఎవడ్రా మీకు లెక్కలు చెప్పింది? ఇనుము ఎక్కువున్నదే గట్టిగుంటది. బర్రెనే తీస్కపో" అన్నాడు. అవ్వకు రెండూ నచ్చలేదు. "గంత బరువు మోస్తే నా కొడుకు భుజం పడిపోతది" అని ఆమె బాధ. నేను మేక మూత తీసి నడిపించాను. కాసేపు ముట్టకుండా వదిలేస్తే దాని తెర మీద రంగురంగుల చేపలు అటూ ఇటూ ఈదేవి. అంతే, తీర్పు అయిపోయింది. పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు, పాలు పోసే ఆమె, అందరూ వచ్చి మంచం చుట్టూ కూర్చున్నారు. పాలామె అయితే "గవిటికి మేత ఎవలేస్తరు బిడ్డా?" అని నిజంగానే అడిగింది. నేను మీట ముట్టుకుంటే చేపలు పోతాయని నన్ను ముట్టుకోనివ్వలేదు కూడా. అంతలో కరెంటు పోయింది. తాడులో ప్రాణం లేక చేపలు ఈదీ ఈదీ చివరికి మాయమయ్యాయి. మేక కళ్లు మూసింది. భైంసా పోయాక అక్కడ తాడు తగిలించుకోవచ్చులే అనుకున్నాను. చేపలను చూస్తే ఆ సేఠ్ కూడా మంచం దిగడని నా ధీమా.

ఆ చూసినవాళ్లలో మా మంథని అత్త ఉంది. బాపుకు అక్క. మంథని నుంచి పెద్దపల్లి మీదుగా బస్సులు మారి ముందురోజే వచ్చింది. మర్యాదల విషయంలో ఆమె మాటకు ఎదురులేదు. ఆమె మేకను పైకీ కిందికీ చూసి, "అల్లుడా, ల్యాపుటాపంటే ఏందిరా?" అంది.

ఇంగ్లీషు తెలిసినవాడి గర్వం ఊరుకోనిస్తుందా? "ల్యాప్ అంటే ఒడి అత్తా. ఒడిల పెట్టుకునేది" అన్నాను.

"ఒడిదా?" అంది అత్త. ఆమె గొంతు మారింది. "రేపు ఎవలింటికి పోతున్నది?"

"భైంసా సేఠ్ ఇంటికి."

"ఇగ అక్కడ్నే ఉంటదా?"

"వాళ్లకు నచ్చితే ఉంటది" అన్నాను. నేనన్నది ప్రోగ్రాము గురించి.

అత్త మరి మాట్లాడలేదు. మా అత్త మాట్లాడకుండా ఉందంటే ఫికర్ చేయాల్సిన సంగతి అని మా వంశంలో అందరికీ తెలుసు. నేను మాత్రం వెళ్లి హాయిగా పడుకున్నాను.

తెల్లారి మేకను భుజానికి తగిలించుకుంటే సంచి బరువుగా అనిపించింది. నిన్న కాంటా మీద తేలిపోయింది ఇవాళ బర్రెలాగా భుజం లాగుతోంది. భయం వల్ల అలా అనిపిస్తోందిలే అని సర్దిచెప్పుకున్నాను. గుమ్మం దగ్గర అత్త నా సంచికి బొట్టు పెట్టింది. (నాకు పెట్టలేదు. అప్పుడైనా అనుమానం రావద్దా?) కళ్లు తుడుచుకుంటూ "మంచిగ చూస్కొమ్మని చెప్పు" అంది. బాపు మాత్రం కుర్చీ మీది దుమ్ము తుడుస్తూ "జల్ది రా" అన్నాడు. కరీంనగర్‌లో ఒక బస్సు మారి, నిర్మల్‌లో ఇంకో బస్సు మారి భైంసా చేరేసరికి నా కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగింది. తేలికైనదాన్ని ఎంచుకున్న నా తెలివికి నాకే జాలేసింది.

సేఠ్ మిల్లు వెనకాలే ఇల్లు. ముందు గదిలో తెల్లటి పరుపులు వేసి ఉన్నాయి. సేఠ్ ఒక దిండుకు ఆనుకుని ఉన్నాడు. పక్కన లెక్కలు రాసే మునీమ్. తలుపు దగ్గర పీట మీద సేఠ్ తల్లి కూర్చుని వత్తులు చేసుకుంటోంది. అందరూ ఆమెను ఆయీ అంటారు. మరాఠీ తల్లిభాష, తెలుగు అలవాటైన భాష. సేఠ్ నాకు చాయ్ చెప్పించి, "నాందేడ్ నుంచి ఒకాయన వచ్చిండు, హైదరాబాద్ నుంచి ఇంకొకాయన వచ్చిండు. అందరు మంచిగనే చెప్పిన్రు. కరెంటు పోతే నా లెక్కలెటు పోతయంటే ఒక్కడు జవాబు చెప్పలే. నువ్వన్న చెప్తవా?" అన్నాడు. సరిగ్గా ఆ మాట అంటుండగానే కరెంటు పోయింది.

మేకలో ప్రాణం లేదని నాకు తెలుసు. అయినా కరెంటు వచ్చేలోపు తాడైనా తీసి పెట్టుకుందామని సంచి జేబులో చెయ్యి పెట్టాను. తాడు తగల్లేదు. గుండ్రంగా, గరుకుగా ఏదో తగిలింది. తీసి చూస్తే ఎండు కొబ్బరి కుడుక. మళ్లీ చెయ్యి పెడితే ఖర్జూరాలు. మళ్లీ పెడితే పసుపు కొమ్ములు, పోకలు, మడతపెట్టిన రవికె గుడ్డ. సేఠ్ చాయ్ కప్పు మూతి దగ్గరే ఆపేసి చూస్తున్నాడు. మునీమ్ కళ్లజోడు సవరించుకున్నాడు. ఏం చేయాలో తోచక నేను మేకను ఒళ్లో పెట్టుకుని మూత తీశాను. జలజలమంటూ పసుపు బియ్యం నా ఒళ్లో పడ్డాయి. మీటల మధ్య బియ్యం, తెర మూలల్లో బియ్యం, సంచి అడుగునంతా బియ్యం. నడిమధ్యన కుంకుమ బొట్టు. మా అత్త దానికి ఆడబిడ్డకు చేసినట్టే సాంగోపాంగంగా ఒడి నింపి అత్తారింటికి పంపింది! ఒడిబియ్యం పట్టేందుకు జాగా కావాలని తాడును తీసి ఇంట్లోనే పెట్టేసింది.

ఇక అయిపోయిందనుకున్నాను. గల్లాపెట్టె పక్కన కుర్చీ కళ్లముందు కదిలింది. పురుగుమందు వాసన భైంసాదాకా వచ్చింది. కుడుక ఒకటి నా చేతిలోంచి జారి, పరుపుల మీద దొర్లుకుంటూ పోయి, ఆయీ పీట దగ్గర ఆగింది.

ఆమె వత్తులు పక్కన పెట్టింది. కుడుక తీసి కళ్లకద్దుకుంది. "అరే! ఓటీ భరలీ కా?" అంది. ఒడి నింపారా అని. మరాఠీవాళ్లలో కూడా ఆడబిడ్డకు ఒడి నింపి పంపుతారని, దాన్ని ఓటీ అంటారని నాకప్పుడే తెలిసింది. ఆయీ మెల్లగా వచ్చి నా ముందు కూర్చుని, మేక మూతను వేలితో తాకి, "ఎవరి బిడ్డ ఇది? మాహేర్ ఎక్కడ?" అని అడిగింది. పుట్టిల్లు ఎక్కడని.

నా నోట్లోంచి నిజమే వచ్చింది. "హుజూరాబాద్ ఆయీ. మా మేనత్త నింపి పంపింది."

"మేనత్తనా! మంచి ఇల్లు" అని తలూపి, ఆమె కొడుకు వైపు తిరిగింది. "నాందేడ్ వాడు ఒట్టి చేతులతోని వచ్చిండు. హైదరాబాద్ వాడు ఒట్టి చేతులతోని వచ్చిండు. గిది ఓటీ నింపుకొని లక్ష్మి లెక్క వచ్చింది. వాపస్ పంపుతవా?"

"ఆయీ, అది మిషన్. నడుస్తదో నడువదో కూడ చూడలే" అన్నాడు సేఠ్ దీనంగా.

"నువ్వు నీ భార్యను నడిపించి చూసి తెచ్చుకున్నవా?" అంది ఆయీ. మునీమ్ నవ్వును దగ్గు చేశాడు.

కరెంటు వచ్చేలోపే బేరం తెమిలిపోయింది. నేను ప్రోగ్రాము గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఎవరూ అడగలేదు. నేను బస్‌స్టాండు దగ్గరి బూత్ నుంచి ఆఫీసుకు ఫోన్ చేశాను.

"ఏమైంది?" అన్నాడు సార్.

"ఆర్డరు వచ్చింది సార్."

"శభాష్! వెంటనే బయల్దేరి వచ్చెయ్."

"నేనొస్తాను సార్. మేక రాదు."

"ఏం, పాడైపోయిందా?"

"లేదు సార్. ఒడి నిండింది. ఇక అత్తారింట్లోనే ఉండాలట."

సార్ నెమ్మదిగా, "నువ్వు ముందు భోంచేసి, తర్వాత మళ్లీ ఫోన్ చెయ్యి బాబూ" అన్నాడు.

మేకకు సేఠ్ ధర కట్టిచ్చాడు. నా ఉద్యోగం ఖాయమైంది. నేను తాడు పట్టుకుని మళ్లీ భైంసా వెళ్లాను. బియ్యపు గింజలు ఏరి, రంగులేసే సన్న కుంచెతో దులిపితే మేక బుద్ధిగా పనిచేసింది. ఒక్క మీట కింద మాత్రం ఎప్పుడూ కరకరమనేది. ఆ ఒడిబియ్యం వండించి ఆయీ హమాలీలందరికీ భోజనం పెట్టింది. నన్ను పుట్టింటివాడని ముందు పీట వేసి కూర్చోబెట్టి, భుజం మీద కొత్త తువ్వాల కప్పింది. ఆ తరవాత మిషన్‌కు ఏ నలత వచ్చినా మునీమ్ ఆఫీసుకు ఫోన్ చేసి, "మీ బిడ్డ సతాయిస్తున్నది, అన్నను పంపున్రి" అనేవాడు. ఆఫీసులో నా అసలు పేరు పోయి 'మేక అన్న' మిగిలింది.

సంగతంతా చెబితే బాపు నమ్మలేదు. "నడువకున్నా కొన్నడా?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. మర్నాడు నేను దుకాణానికి వెళ్లేసరికి, ఎంతకీ అమ్ముడుపోని మందుకొట్టే పంపులన్నీ వరుసగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కదానికీ మంథని అత్త శ్రద్ధగా పసుపు బియ్యం పోస్తోంది. బాపు కుడుకలు అందిస్తున్నాడు. నన్ను చూసి కాస్త సిగ్గుపడి, "నీ కుర్చీల మీ అత్తను కూసోబెట్టిన" అన్నాడు. (పంపులు అమ్ముడుపోలేదు. ఎలుకలు మాత్రం బాగా బలిశాయి.)

అత్త ఇప్పుడు లేదు. బాపూ లేడు. కరెంటు పోతే లెక్కలెటు పోతాయన్న భయమూ ఎవరికీ లేదు. మొన్న నేనో కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. పలకంత సన్నం. మర్నాడు ప్రయాణం. సంచి సర్దుతుంటే ఎందుకో చెయ్యి ఆడలేదు. ఇంట్లో ఎవరూ చూడటం లేదనుకుని వంటింట్లోకి వెళ్లి, గుప్పెడు బియ్యంలో కాస్త పసుపు కలిపాను. ఇంత చదువు చదివి, ఇంతమందికి కంప్యూటర్లు నేర్పిన పెద్దమనిషిని, మూత తీసిన ల్యాప్‌టాప్ ముందు గుప్పిట పట్టుకుని దొంగలాగా నిలబడ్డాను. ఆ ఖరీదైన మీటల మీద పోయడానికి మనసొప్పలేదు. పోయకుండా మూత వేయడానికీ మనసొప్పలేదు. వెనకాల గాజుల చప్పుడైంది. మా ఆవిడ ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇక జీవితాంతం నవ్వుతుందనుకున్నాను.

ఆమె నవ్వలేదు. కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది. "మొగోళ్లు ఒక్కలే పోస్తరా ఎక్కడన్న? జరుగు" అంది.