పింగాణీ గిన్నె అడుగున పువ్వులు

మా నాన్నకు వేలంపాటలంటే పిచ్చి. కృష్ణగిరి దగ్గర గ్రానైటు వ్యాపారం ఆయనది. బెంగుళూరులో ఏ పాత బంగళా సామాను వేలానికి వచ్చినా హోసూరులో మా ఇంటినుంచి తెల్లారేసరికే బయలుదేరేవాడు. వెంట నన్నూ లాక్కుపోయేవాడు. పాటలో నోరు విప్పడు. కుడిచెయ్యి కాస్త పైకి లేపుతాడు, అంతే. ఆ చెయ్యి చూసి నాకు మహా గర్వంగా ఉండేది.

తొంభైల్లో ఒకసారి రెండు వస్తువులు తెచ్చాడు. ఒకటి యూరపు తైలవర్ణ చిత్రం: సగం తొక్క తీసిన నిమ్మకాయ, దానిమీద ఈగ. రెండోది మూత ఉన్న పెద్ద పింగాణీ గిన్నె, లోపల అడుగున ఎర్రపువ్వులు. ఆ ఈగను చూస్తే నాకు అన్నం సయించేది కాదు. అమ్మకు మాత్రం గిన్నె తెగ నచ్చింది.

ఆ వేసవిలో మా ఊరగాయ జాడి పగిలింది. మామిడికాయ ఊరగాయను అమ్మ పింగాణీలో తప్ప పెట్టదు.

"పింగాణీ ఈడుండంగా యాడికో పోయి కొనేదెందుకు?" అని ఆ గిన్నెలోనే కలిపింది.

నాన్న గొణిగాడు గానీ, ముద్ద నోట్లో పెట్టుకున్నాక మెత్తబడ్డాడు. ఊరగాయలో అమ్మ చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ పడకూడదు, గిన్నె ఎప్పుడూ ఖాళీ కాకూడదు, అది మా ఇంటి కట్టడి. పాతది ఉండగానే కొత్తది కలిపేది. అందుకే అడుగు ఎవరికీ కనబడలేదు. అమ్మకూ నాకూ కారం పడదు. తినేదంతా నాన్నే.

కొన్నేళ్లకు ఆయనకు కడుపునొప్పి పట్టుకుంది. ముఖం పాలిపోయింది, ఊరికే కసురుకునేవాడు. నాకు లోలోపల భయం. ఒక వేలంలో ఆయన ఎన్నాళ్లుగానో కోరుకున్న పళ్లెం పాటకొచ్చింది. నాన్న చెయ్యెత్తాడు. మోచెయ్యి లేచింది, మణికట్టు మాత్రం కిందికి వేలాడిపోయింది. పళ్లెం ఎవరో పాడుకున్నారు.

"చెయ్యి లేయలేదమ్మా," అన్నాడు.

రక్తంలో సీసం చేరిందన్నాడు డాక్టరు. పాత పింగాణీ మీది రంగుల్లో సీసం ఉండొచ్చట, పులుపు తగిలితే తిండిలోకి దిగుతుందట. ఇంట్లో ఏ పాత్రలు వాడుతున్నారని అడిగాడు. నాన్న నా వైపు చూడలేదు.

ఇంటికి రాగానే నేనే కట్టడి తప్పి ఊరగాయంతా పారబోసి గిన్నె కడిగాను. అడుగు తెల్లగా ఉంది.

"పువ్వులు యాడికి పోయినాయే?" అంది అమ్మ.

నాన్న కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేనే తినేసినాను."

అమ్మ ఆ గిన్నెను నా చేతిలోంచి తీసుకుంది.

"వడ్డించింది నేను గదా," అంది.