బొమ్మకెంత అడగాలి?

నా చిన్నప్పుడు మా పిన్ని బొమ్మలు వేస్తుంటే చూస్తూ చూస్తూ అక్కడే నిద్రపోయేదాన్ని. ఆమె కుంచె కింద విచ్చుకున్న తీగలూ హంసలూ నా కలల్లోకి వచ్చేసేవి. తాడేపల్లిగూడెంలో శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సాయన అవి చూసి, అంచులకు డిజైన్లు వేసిపెట్టమన్నాడు. పిన్నికి అదే మొదటి పని. ఎంతిస్తారని అడిగితే, "తోచింది ఇస్తాలేమ్మా, నీకూ పేరొస్తుంది కదా" అన్నాడట.

ఆలోచించుకుని చెబుతానండీ అని వచ్చేసింది పిన్ని. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఏలూరు బస్సెక్కింది. గుండుగొలను దగ్గర పొలాల నిండా నీళ్లు, ఆ నీళ్లలో ఆకాశం, కొల్లేటి వైపు సాగిపోతున్న కొంగలు. మా బస్సు కూడా తేలుతున్నట్టే అనిపించింది నాకు.

ఏలూరులో తివాచీలకు డిజైన్లు గీసే ఒకావిడ ఇంటికి వెళ్లాం. పెరట్లో రంగులద్దిన ఉన్ని ఆరుతూ గాలికి ఊగుతోంది. పిన్ని ఏవేవో కబుర్లు చెప్పి, చివరికి తలొంచుకుని, "ఏమనుకోకండి, మీకు బొమ్మకెంత ఇస్తారండీ?" అంది.

పిన్ని చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడావిడ లేచి వెళ్లి, పక్కవీధిలో అదే పని చేసే స్నేహితురాలిని పిలుచుకొచ్చింది. "ఇన్నేళ్లుగా మేమూ ఒకరినొకరం అడగలేదమ్మా" అంది. ఇద్దరూ చెప్పుకుంటే, ఒకే పనికి స్నేహితురాలి కంటే ఆవిడకి తక్కువ ఇస్తున్నారని బయటపడింది. తరువాత ఇద్దరూ కలిసి ఎంత అడగాలో, అదే బొమ్మ మళ్లీ వాడుకుంటే ఏమనాలో పిన్నికి విడమరిచి చెప్పారు.

తిరిగొచ్చాక పిన్ని తన రేటు మెత్తగానే చెప్పింది. ప్రెస్సాయన నవ్వి, వేరేవాళ్లని చూసుకుంటానన్నాడు. చేతికొచ్చిన పని పోగొట్టుకున్నావని ఇంట్లో అందరూ అన్నారు. పిన్ని కొన్నాళ్లు కుంచె ముట్టలేదు. పెళ్లిళ్ల రోజులు దగ్గరపడ్డాక ఆయనే కబురు పెట్టాడు. అడిగినదాంట్లో కొంత తగ్గించాడు గానీ, మళ్లీ అచ్చువేసినప్పుడల్లా ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఏలూరులో మేం వెళ్లిన ఇంటావిడ కూడా తన రేటు అడిగి పెంచించుకుందని తరువాత తెలిసింది.

మొన్న మా మనవరాలు డిజైనర్ ఉద్యోగంలో చేరబోతూ, జీతం ఎంత అడగాలో తెలియడం లేదని ఫోన్ చేసింది. ఆ పని చేసేవాళ్లనే వెళ్లి అడగమన్నాను. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ, కొత్తగా చేరిన అమ్మాయి ఎవరైనా నా దగ్గరకొచ్చి ఏదో అడగబోయి ఆగిపోతే, ఆమె నోరు తెరవకముందే నా జీతమెంతో చెప్పేసేదాన్ని.